తిరుత్తణి దారిలో గాజు చెవి

తిరుత్తణి వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి మా వీధిలో అందరూ విభూతి అడుగుతున్నారు. పొట్లాలు కట్టి పంచాను. అయితే నేను పోయింది సుబ్బరాయుడి కోసం మాత్రమే కాదు. ఆడికృత్తిక పండగ జనంలో, కొండ కింద ఒక ఇరుకు గదిలో, ఒక పెట్టె ముందు కూర్చొని, భూమిలో పాతిన గాజు దారం చెప్పే సంగతులు విని వచ్చాను. ఈ మాట నోటితో చెబితే "రాజ్యమ్మకు ఎండదెబ్బ తగిలింది" అంటారు. అందుకే రాస్తున్నాను. రాతను మధ్యలో ఆపి ఎగతాళి చెయ్యలేరు కదా.

నేను నెల్లూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు ఆపరేటరుగా చేరి, ట్రంకు బోర్డులు పోయాక ఏవేవో బల్లల దగ్గర కూర్చొని రిటైరైన మనిషిని. చెవికి హెడ్‌ఫోను తగిలించుకొని, తాడు కొస తీసి చిల్లులో గుచ్చి, ఊరికీ ఊరికీ మాట కలపడం నా పని. మద్రాసు వైపు నా తాడుకు అవతల ఉండే గొంతు సరోజది. తిరువళ్ళూరు నుంచి లోకల్ రైల్లో డ్యూటీకి వచ్చేది. వాళ్ళవి ఎప్పుడో రాయల కాలంలో అక్కడికి పోయి స్థిరపడిన తెలుగు కాపు కుటుంబాలు. లైను ఖాళీగా ఉన్నప్పుడు పెన్సిలుతో మౌత్‌పీసు మీద రెండుసార్లు టకటకమనిపించేది. "ఉన్నావా?" అని దానర్థం. నేనూ రెండు కొట్టేదాన్ని. ఇన్నేళ్ళ స్నేహంలో ఒకరినొకరం ఎదురుగా చూసుకున్నది లేదంటే నమ్మండి.

మొన్న సరోజ ఫోను చేసి, "అక్కా, మా కూతురు హేమ ఒక పెట్టె చేసింది. లైను తెగకముందే చెప్తాదంట. ఈ ఆడికృత్తికకు దానికి పరీక్ష. తప్పితే ఆ పని మూసేస్తారంట. నాకు దిగులుగా ఉండాది, నువ్వు రా," అంది. లైను తెగితే తిట్లు తిన్నది ఆమె, నేనూ. తెగకముందే చెప్పే పెట్టె అంటే పోకుండా ఎట్లా ఉంటాను?

ప్లాట్‌ఫారం మీద గొంతు

నేనెక్కిన రైల్లోకి గుమ్మిడిపూండిలో ఫ్యాక్టరీ డ్యూటీ దిగినవాళ్ళు బిలబిలమంటూ ఎక్కారు. నా పక్కన కూర్చున్న అమ్మాయి నా చేతిలో తెలుగు పత్రిక చూసి, "మా ఇంట్లో తెలుగే పెద్దమ్మా. చదివేదానికి మాత్రం రాదు. అరవమైతే చదువుతాను," అంది. నాకు మనసు చివుక్కుమంది. ఓ కథ పైకి చదివి వినిపించాను. ఆ అమ్మాయి దిగే స్టేషను వచ్చేసరికి కథ అయిపోలేదు. మిగతాది నోటితో రెండు ముక్కల్లో చెప్పేశాను.

మద్రాసులో రైలు మారి దిగితే, తిరువళ్ళూరు ప్లాట్‌ఫారం మీద సరోజ వయసు ఆడవాళ్ళు డజన్లకొద్దీ ఉన్నారు. ఫోటోలో చూసిన ముఖం ఒక్కరికీ లేదు. సిగ్గు విడిచి గట్టిగా కేకేశాను.

"హలో మద్రాస్!"

పూలబుట్టల అవతల నుంచి జవాబు వచ్చింది. "చెప్పు నెల్లూరు!"

మనిషి లావైంది, జుట్టు నెరిసింది. గొంతు మాత్రం అదే. ఇద్దరం పట్టుకొని ఏడ్చేశాం. మల్లెలమ్మే ఆమె మమ్మల్ని చూసి చెరో మూర ఊరికే ఇచ్చింది. మా ఊళ్ళో అయితే ముందు ఎవరు పోయారని అడిగి ఉండేవాళ్ళు.

మర్నాడు పొద్దున సందు చివర హోటల్లో ఇడ్లీ, వడకర్రి తిన్నాను. శనగపిండి వడల్ని చిదిమి మసాలా పులుసులో ఉడికించి ఇడ్లీ మీద పోస్తారు. ప్లేటు నలభై రూపాయలు. మొదట ఇదేం ఖర్మ అనుకున్నాను. తరవాత రెండో ప్లేటు అడిగాను. సరోజ ఇంట్లో వంట బాగుంది కానీ, అన్నంలో తొలిముద్దకు పచ్చడి ఉండదు. పచ్చడేదీ అని అడిగితే, "పెరుగన్నానికి ఊరగాయ ఉండాది గదక్కా, ఏం తొందర?" అంది. నెల్లూరిదాన్ని పచ్చడి కోసం మజ్జిగ దాకా ఆపడం పెద్ద శిక్ష.

హేమ అన్నం నిలబడే తిన్నది. ముప్పై దాటిన పిల్ల, సన్నగా, కళ్ళ కింద నల్లగా. ఒక చేత ముద్ద, ఒక చేత ఫోను. "కూర్చోవే," అంటే, "కూర్చుంటే నిద్రొస్తాది పెద్దమ్మా," అంది.

గాజు దారం

కాక్కలూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక మేడ పైన హేమ పనిచేసే ప్రయోగశాల ఉంది. చెప్పులు బయట విడవాలి. లోపల చలి. పేరు ప్రయోగశాలే కానీ, నాలుగు బల్లలు, నలుగురు మనుషులు, గోడకు ఒక మురుగన్ క్యాలెండరు.

హేమ నా చేతిలో ఒక దారం పెట్టింది. వెంట్రుకంత గాజు. మన ఫోన్లు, సినిమాలు, బ్యాంకు లెక్కలు అన్నీ దీంట్లో వెలుగుగా మారి పోతుంటాయట. నేను గుచ్చిన తాళ్ళలో ఒక్కో తాడుకు ఒక్క సంభాషణ. దీంట్లో ఊళ్ళకు ఊళ్ళు ఒకేసారి మాట్లాడుకోవచ్చు.

"వెలుగు ముందుకు పోతాది గదా పెద్దమ్మా. పోయేటప్పుడు దారి పొడుగునా రవ్వంత వెనక్కి తిరిగి వస్తాది. ఎంత మంచి గాజైనా అంతే. అందరూ దాన్ని నష్టం అనుకున్నారు. మేము దాన్నే పట్టుకున్నాము. భూమి అదిరితే దారం అదురుతాది, వెనక్కి వచ్చే వెలుగు మారుతాది. ఎంత సేపటికి వచ్చిందో చూస్తే ఎంత దూరంలో అదిరిందో తెలిసిపోతాది."

"అంటే భూమిలో ఉన్న దారం అంతా చెవేనా?"

"చెవే. లైన్లు ఎక్కువగా తెగేది జేసీబీలతోనే. తవ్వేవాడు కాస్త దూరంలో ఉన్నప్పుడే పెట్టె కూసిందంటే మనిషి పోయి ఆపొచ్చు."

దారం లైను కంపెనీవాళ్ళది, తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా రోడ్డు పక్కనే పాతారు. పెట్టె తిరుత్తణి కొసన ఉంది. కృత్తిక ముందు రోజు లైను కంపెనీ ఆఫీసరు వచ్చి చూస్తాడు. అప్పటి దాకా వచ్చిన ప్రతి తవ్వకాన్నీ పెట్టె తనంతట తాను పట్టుకోవాలి. పట్టుకోకపోతే ఈ నలుగుర్నీ తెగిన లైన్లకు అతుకులు వేసే పనికి పంపించేస్తారు. ఈ పెట్టె పనిలో హేమకు ఇది అయిదో ఏడు.

వింటూ వింటూ బల్ల మీద చెయ్యి ఆనించాను, గాజు ముక్క వేలిలో గుచ్చుకుంది. కనపడదు, కానీ మంట! నోట్లో పెట్టుకోబోతే నలుగురూ ఒక్కసారి అరిచారు. ప్లాస్టరు అంటించి, లాగి, తీశారు. చివాట్లు తిని చెప్పులేసుకున్నాను.

రోకలి పోటు

ఆ మధ్యాహ్నం హేమ కారులో ముగ్గురం తిరుత్తణి దారి పట్టాం. మధ్యలో కనకమ్మసత్రం దాటాక సరోజ తమ్ముడు మునిరత్నం ఊరు ఉంది. ఆ రాత్రికి మా ఇద్దరి మకాం అక్కడే. రోడ్డంతా పసుపు బట్టలు, భుజాన పూల కావడులు. మా దగ్గర మొక్కు అంటే గుండు గీయించుకుని పడుకుంటాం. వీళ్ళు కావడి ఎత్తుకుని ఎండలో, ఉత్త కాళ్ళతో, ఆడుతూ పోతారు.

ఉన్నట్టుండి హేమ ఫోను కీచుమంది. తవ్వకం! తెరమీద చూపిస్తున్న చోటు మేం పోతున్న ఊరి దగ్గరే.  హేమ కారు దూకించింది.

పోయి చూస్తే జేసీబీ లేదు, పార లేదు. మునిరత్నం ఇంటి ముందు, రోడ్డుకు ఆనుకొని రోలు ఉంది. ఆయన భార్య తులసీ, ఆమె తోడికోడలూ ఎదురెదురుగా నిలబడి, కొంగులు బిగించి, రోకళ్ళతో కొర్రలు దంచుతున్నారు. ఒకటి లేస్తే ఒకటి పడుతోంది. వాళ్ళ ఇంట్లో స్వామికి పెట్టే కొర్రపిండి మిల్లుకు పోయకూడదు, ఉపవాసంతో ఇద్దరు దంచాలి. తేనె కలిపి ముద్ద చేస్తారు.

"ఏమి హేమా, పోలీసు మాదిరి వస్తాండావు?" అంది తులసి చెమట తుడుచుకుంటూ.

"అత్తా, నువ్వు దంచినావంటే మా పెట్టె తవ్వకమని కూస్తాండాది."

"అయ్యో రామా! స్వామికి దంచకుండా ఎట్లుండేదే?"

హేమకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వారంలో ఇట్లా కూయడం మొదటిసారి కాదట. ఇంతలో చెన్నై నుంచి హేమ వాళ్ళ పెద్దసారు ఫోను. ఆయన అరుపు నాకూ వినబడింది. ఒట్టి కూతలు కూసే పెట్టెను ఎవరూ నమ్మరు, రేపు ఇంకొక్కటి కూసిందా, ఆఫీసరు గుమ్మంలోనే వెనక్కి తిరుగుతాడు అని.

పిల్ల ఆ అరుగు మీదే ల్యాపుటాపు తెరిచింది. జేసీబీ తవ్వితే నేల గోకినట్టు అదురుతుంది. రోకలి పోటు తాళం వేసినట్టు సమంగా పడుతుంది. సమంగా పడే పోటుకు పలకవద్దని పెట్టెకు నేర్పింది. తులసి మళ్ళీ దంచింది. పెట్టె నోరెత్తలేదు. "హమ్మయ్య," అని హేమ కొర్రపిండి ఇంత నోట్లో వేసుకోబోతే, ఇంకా నైవేద్యం కాలేదని తులసి చేతిమీద ఒక్కటిచ్చింది. హేమ తిరుత్తణికి వెళ్ళిపోయింది.

మజ్జిగ పందిరి

తెల్లారి కాఫీ గ్లాసు పట్టుకొని అరుగు మీద కూర్చున్నాను. అక్కడి కాఫీ గురించి ఒక పేజీ రాయగలను, రాయను. ఎదురుగా మునిరత్నం, ఆయన తమ్ముడు పందిరికి గుంతలు తవ్వుతున్నారు. కావడి మోసేవాళ్ళకు ఏటా వీళ్ళే మజ్జిగ పోస్తారు. తాతల నుంచి చోటు మారలేదు. మొదటి గుంజకు గుంత తీసే పద్ధతి చూడముచ్చటగా ఉంది. నేల మీద పాలు పోసి, కర్పూరం వెలిగించి, ఇద్దరూ చెరో గడ్డపార పట్టారు. ఒకాయన "వేల్!" అని దించుతాడు, ఇంకొకాయన "వెట్రివేల్!" అని దించుతాడు. స్వామి చేతి శూలాన్ని తలచుకుంటూ తవ్వడమన్నమాట. తాళం తప్పకూడదు, తప్పితే మళ్ళీ మొదలు.

నేను కూడా కాలితో తాళం వేస్తున్నాను. అప్పుడు కనబడింది, గుంతకు జానెడు దూరంలో పసుపు రంగు రాయి. దాని మీద కేబులు గుర్తు.

"మునిరత్నం, ఆ రాయి ఏమిటయ్యా?"

"అదా అక్కా? కేబులు వాళ్ళది. రోడ్డు వెడల్పు చేసినాక ఈ పక్కకు వచ్చినాది. మా పందిరి వాళ్ళకన్నా ముందుది గదా!"

"తవ్వకూడదని బోర్డు ఉందేమో?"

"జేసీబీ పెట్టకూడదని ఉండాది. గడ్డపార అని యాడ ఉండాది?" అన్నాడు పాపం, అమాయకంగా.

 హేమకు ఫోను కలిపాను. "ఏమే, నీ పెట్టె ఏమంటోంది?"

"ఏమీ లేదు పెద్దమ్మా. అత్త దంచుతాండాది, అంతే. అంతా చల్లగా ఉండాది."

"అత్త లోపల పొయ్యి దగ్గరుందే! మీ మామ నీ దారం నెత్తిన గడ్డపార దింపుతున్నాడు!"

 "ఆపమను!" అని ఒక కేక. నేను కాఫీ గ్లాసు వదిలేసి పరిగెత్తి మునిరత్నం గడ్డపార పట్టుకున్నాను. ఆయన బిత్తరపోయాడు.

కాసేపటికి హేమ తిరుత్తణి నుంచి కావడుల జనాన్ని తోసుకొని వచ్చి గుంత ముందు మోకాళ్ళ మీద కూలబడింది. చేతులతో మన్ను తీసింది. లోపల దారం పోయే గొట్టం. దాని మీద గడ్డపార గీసిన కొత్త గాటు. ఇంకొక్క పోటు పడుంటే తెగిపోయేది.

"రోకలి అనుకొని ఊరకుండిపోయింది," అంది. "నేనే ఊరకుండమని చెప్పినాను."

మునిరత్నం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా చేతుల్తోనే నీ నోట్లో మన్ను కొట్టబోతినే తల్లీ," అన్నాడు. సరోజ చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "తెగలేదు గదమ్మా. చూసింది మనమే. ఎవరికీ చెప్పబాక. అయిదేండ్ల కష్టం."

తల్లి కదా, అనకుండా ఎట్లా ఉంటుంది? నేనూ ఆ మాటే అనబోయాను.

"తెగలేదు, నిజమే," అంది హేమ. "పెద్దమ్మ ఇక్కడ కూర్చోనుండబట్టి తెగలేదు. పెద్దమ్మను రాయి రాయికీ కూర్చోబెట్టలేను గదమ్మా."

 లోపలి నుంచి తులసి వచ్చి, మిగిలిన కొర్రలు రోట్లో పోసి దంచడం మొదలుపెట్టింది. ఉపవాసం మనిషి, ఆమె పని ఆగదు. మునిరత్నం గుంత పూడుస్తున్నాడు. హేమ రోటి వైపు చూసింది. గుంత వైపు చూసింది. మళ్ళీ రోటి వైపు చూసింది. ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"మామా, పూడ్చబాకు. ఎంత లోతు పోయింది?"

"మోకాలి లోతు."

"అత్త దంచి దంచి రోలు ఎంత లోతు పోయింది?"

"రోలు యాడ పోతాదే, రాయి గదా!" అన్నాడాయన.

"అదే! రోకలి ఎన్ని పోట్లు వేసినా ఉన్నకాడే పడతాది. గడ్డపార పోటు పోటుకీ కిందకు దిగతాది, దారానికి దగ్గరవుతాది. నేను తాళం విన్నాను. దిగేది వినలేదు." ఆ ముఖం చూడాలి మీరు. పరీక్ష తప్పిన పిల్ల ముఖం కాదు అది.

కొండ కింద గది

హేమతో నేను తిరుత్తణికి బయలుదేరాను. సరోజ పందిరి దగ్గర ఆగిపోయింది. కొండ కింద వీధుల్లో కాలు పెట్టే చోటు లేదు. పంబ వాద్యం, "అరోహరా" కేకలు, బంతిపూల వాసన. దారిలో ఒకావిడ నన్ను ఆపి ఆకులో పులిహోర పెట్టి, తినేదాకా కదలనివ్వలేదు. ఊరు అడగలేదు, పేరు అడగలేదు.

గది ఇరుకు. తెరమీద ఆ దారి అంతా కనబడుతోంది. బస్సు ఒక ఏటవాలు గీత. రైలు లావు గీత. నడిచే జనం సన్నగా, ఎడతెగకుండా, జల్లు పడుతున్నట్టు.

ఆఫీసరు నడివయసు మనిషి. ఎవరో నుదుట విభూతి పెట్టినట్టున్నారు, తుడుచుకోలేదు. ఆయన అరవంలో అన్న మాటల్ని నాకు అర్థమైనంత మేరకు రాస్తున్నాను. హేమ ఆయనకు కుర్చీ కూడా చూపించకముందే మొత్తం చెప్పేసింది. పొద్దున్న పెట్టె తప్పిందనీ, లైనును కాపాడింది ఒక మనిషి ఫోననీ, చెవి మూసింది తానేననీ.

ఆయన కుర్చీ తనే లాక్కొని కూర్చున్నాడు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదమ్మా. కానీ చెప్పారు. తప్పింది అనే రాయాలి."

"రాయండి సార్. పోయే ముందు ఒకటి చూడండి."

"పోవాలన్నా నా కారు కదిలేట్టు లేదులే," అన్నాడు నవ్వి.

హేమ అప్పటికే పెట్టెకు కొత్త పాఠం చెప్పింది. మునిరత్నానికి ఫోను చేసింది. రాయికి దూరంగా, పొలం గట్టు వైపు కొత్త గుంత తియ్యాలి. తులసి, తోడికోడలు రోలు ఆపకూడదు. రెండూ ఒకేసారి. పెట్టె ఒకదానికే కూయాలి.

నా చెవికి హెడ్‌ఫోను తగిలించింది. అదురును శబ్దంగా మార్చి వినొచ్చట. ఎన్నేళ్ళయిందో చెవిమీద ఆ బరువు పడి! జనం కాళ్ళ చప్పుడు. దూరంగా డప్పు. ఆ వెనక ధమ్, ధమ్ అని రోకళ్ళు. కాసేపటికి ఇంకో పోటు కలిసింది. వేల్, వెట్రివేల్. గొంతులు వినబడవు కానీ, నాకు తెలుస్తోంది. పెట్టె పలకలేదు. ధమ్, ధమ్. పలకలేదు. హేమ గోళ్ళు కొరుకుతోంది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. స్వామీ, ఈ పిల్లను చూడు, నాకు వేరే మొక్కేం లేదు అని దండం పెట్టుకున్నాను.

అప్పుడు ఆ చప్పుళ్ళన్నిటి మీదా, దగ్గరగా, రెండు దెబ్బలు. టక్ టక్. ఆగి, మళ్ళీ టక్ టక్.

సరోజ! రాయి పక్కన నిలబడి మడమతో తడుతోంది. "ఉన్నావా?" అని అడుగుతోంది. నీళ్ళు నిండి నాకు కళ్ళు కనబడలేదు. ఏమీ తోచక బల్ల మీద వేలితో రెండు కొట్టాను. ఆ చప్పుడు సరోజ దగ్గరకు పోదని తెలుసు. అయినా కొట్టాను.

పెట్టె కూసింది.

గది గోడలు అదిరేలా కూసింది. తెరమీద ఒక్కటే ఎర్ర చుక్క, పొలం గట్టు వైపు. రోటి దగ్గర ఏమీ లేదు. ఆఫీసరు తనే మునిరత్నానికి ఫోను చేసి ఎంత లోతు తవ్వావని అడిగాడు. "జానెడు సార్. ఇంకా తవ్వాల్నా?" అన్నాడాయన భయభయంగా. "చాలు, చాలు," అని ఆఫీసరు నవ్వేశాడు. కాగితం తీసి, ఈ పరీక్ష తప్పిందనే రాశాడు. దాని కింద ఇంకో వాక్యం రాసి, హేమకు చదివి వినిపించాడు. పెట్టెను తియ్యవద్దు, సంక్రాంతి తరవాత వచ్చే తై కృత్తికకు మళ్ళీ వచ్చి చూస్తాను అని.

హేమ థాంక్స్ కూడా చెప్పలేకపోయింది. గోడకు తిరిగి నిలబడి భుజాలు ఎగిసిపడేలా ఏడ్చింది. ఆఫీసరు తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. బయట ఎవరిదో కావడి గుమ్మం ముందు ఒక చుట్టు తిరిగి కొండ వైపు పోయింది.

నా ఫోను మోగింది.

"హలో నెల్లూరు! వినిపించినానా? ఏమాయ అక్కా, చెప్పు. రాయి కాడే నిలబడుండాను."

చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది. కానీ అది నేను చెప్పాల్సిన మాట కాదనిపించింది.

"లైన్లో ఉండండి మద్రాస్," అన్నాను. "కలుపుతున్నాను."

హేమ భుజం తట్టి, ఫోను ఆమె చేతికిచ్చి, బయటికి వచ్చేశాను.